రోలెక్సూ, రోల్డుగోల్డూ

మా ప్రొద్దుటూరులో బంగారాన్ని గుర్తుపట్టలేని ఇల్లాలు లేదంటే అతిశయోక్తి కాదు. పెళ్ళిపందిట్లో అవతలి వరుసలో కూర్చున్నావిడ మెడవైపు ఒక్కసారి చూసి, "మూడు తులాలుంటుంది. పని మనవాళ్ళది కాదు" అని చెప్పగలవాళ్ళు మా వీధిలోనే నలుగురైదుగురున్నారు. దసరాకు అమ్మవారిశాలకు వెళ్ళినవాళ్ళు అమ్మవారి అలంకారాన్ని ఎంతసేపు చూస్తారో, పక్కవాళ్ళ అలంకారాన్నీ అంతసేపు చూస్తారు. రెండో బొంబాయి అన్న పేరు ఊరికే రాలేదు. 2021 జూన్ నుంచి నగలకు హాల్‌మార్కు గుర్తు దశలవారీగా తప్పనిసరి చేశారు గానీ, మా వాళ్ళ కంటికి ఆ గుర్తుతో అట్టే పనిలేదు.

అలాంటి కళ్ళ ముందు, లక్షలు ఖరీదు చేసే వస్తువొకటి ఆరేళ్ళపాటు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధుల్లో పట్టపగలు తిరిగింది. ఒకే ఒక్క మనిషి తప్ప మా వాళ్ళెవరూ దాన్ని గుర్తుపట్టలేదు. ఆ వస్తువు మా బావ చేతి వాచీ.

అంటే మా వాళ్ళకు వాచీలు తెలియవని కాదు. తెలిసినవి బాగానే తెలుసు. మా నాయన కాలంలో కాస్త కలిగినవాళ్ళ చేతుల్లో వెస్టెండూ, ఫేవర్‌లూబా కనిపించేవి. 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలైన తరువాత గుమాస్తాలకూ, బడిపంతుళ్ళకూ కూడా చేతికి కాలం వచ్చింది. ముఖం మీద నాగరి లిపిలో 'జనతా' అని వున్న వాచీని హిందీ అక్షరం ముక్క రానివాళ్ళు కూడా దూరాన్నుంచే పోల్చుకునేవాళ్ళు. 2016లో కేంద్రప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసివేయడానికి నిర్ణయించినప్పుడు, తన సొంత మనిషెవరో పోయినట్టు మా నాయన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. టైటన్ సంగతి వేరు. హోసూరులో తయారైన ఆ వాచీలను మా వాళ్ళు కంటితో కంటే ముందు చెవితో గుర్తుపట్టారు. టీవీలో ఆ ప్రకటన వస్తే వంటింట్లోంచే "టైటను" అనేవాళ్ళు. ఆ బాణీ మొజార్టు అనే ఆయన 25వ సింఫనీలోదట. మా అవ్వకు మొజార్టు ఎవరో తెలియదు. తెలియవలసిన అవసరమూ కలగలేదు.

ఇక కువైట్ వాచీలు. కడప జిల్లాకూ కువైట్‌కూ వున్న సంబంధం తెలియనిదెవరికి? మా వైపు నుంచి డ్రైవర్లుగా, ఇంటిపనులకు పోయినవాళ్ళు ఊరూరా వున్నారు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు లక్షమందికి పైగా మనవాళ్ళను అమ్మాను మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. అలా వచ్చిన మా వీధాయన ఒకరు పెట్టెలన్నీ అక్కడే వదిలేసి వచ్చారు, చేతి వాచీ ఒక్కటే మిగిలింది. అది సీకో. వారం పేరు చూపించే గడిలో ఇంగ్లీషుకు బదులు అరబ్బీ అక్షరాలు కనిపించేవి. ఇంగ్లీషుకు తిప్పుకోవచ్చు, అయినా ఆయన తిప్పుకోలేదు. చూసినవాళ్ళకు ఎక్కడిదో చెప్పకనే తెలియాలి కదా!

సీకోను మించినది రాడో. రాడో వాళ్ళు 1962లో గీత పడని గట్టిలోహంతో డయాస్టార్ అనే వాచీని విడుదల చేశారు. ఆ రకం, అందులోనూ పసుపు రంగుది, మా వైపు కువైట్ పోయి బాగుపడ్డవాడికి గుర్తు. ముఖం మీద చిన్న లంగరు బొమ్మ వుంటుంది. వాచీ కదిపితే అదీ కదులుతుంది. "లంగరు ఊగుతాందా లేదా చూడు, ఊగకపోతే డూప్లికేటు" అని జమ్మలమడుగు పిల్లకాయలు సైతం చెబుతారు. కాబట్టి మా వాళ్ళకు పరిజ్ఞానం లేదనకండి. గీటురాయి ఒకటి వుంది. ఆ రాయి మీద గీత పడని వస్తువు వచ్చినప్పుడే చిక్కు.

మా బావ జమ్మలమడుగు మనిషి. 1995లో కువైట్ వెళ్ళి, ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్ళు కారు నడిపి, 2017లో తిరిగి వచ్చాడు. వచ్చే ముందురోజు ముసలి సేటు పిలిచి, తన చేతి వాచీ విప్పి బావ చేతికి పెట్టాడట. పెట్టె లేదు, బిల్లు లేదు. స్టీలు వాచీ, నల్ల ముఖం, తేదీ గడి మీద చిన్న భూతద్దం, పన్నెండు దగ్గర ఐదు కొనల కిరీటం. ఖరీదెంతో సేటు చెప్పలేదు, బావ అడగలేదు. ఇరవై రెండేళ్ళు స్టీరింగు పక్కన కూర్చున్న చేతి మీద చూసిన వస్తువు కాబట్టి అది ఆయనకు వాచీ కంటే ఎక్కువగా సేటు చెయ్యి.

జమ్మలమడుగులో దిగిన మొదటివారంలోనే పరామర్శలు మొదలయ్యాయి. "ఏంప్పా, ఇన్నేండ్లు కువైట్లో వుండి వొక రాడో గూడా తెచ్చుకోల్యా?" అని ఒకాయన. "పాపం, పిల్లల చదువులకే సరిపోయిండాదిలే" అని ఇంకొకాయన జాలి. బావ నవ్వి వూరుకునేవాడు.

అసలు ముచ్చట ప్రొద్దుటూరులో జరిగింది. మా దూరపు చుట్టం, బంగారం వ్యాపారం చేసేవాళ్ళింటి పెద్దావిడ, బావ చేతిని పరీక్షగా చూసి, "ఏం వాచీ నాయనా అది?" అని అడిగింది. బావ "రోలెక్సు" అన్నాడు. ఆవిడ మొహంలో ఒక విధమైన సానుభూతి తొంగిచూసింది. తరువాత వంటింట్లో మా అక్కతో చెప్పిందట: "రోల్డుగోల్డంట గదమ్మా! పూతంతా పోయి తెల్లగైపోయిండాదే. మా పిల్లోనికి జెప్పి పూత వేయిస్తాలే, నువ్వేం బాధపడాకు."

ఆవిడను చూసి నవ్వడం సులభం. కానీ రోలెక్సు అన్న మాటకు ఆవిడ ఇచ్చిన అర్థమైనా వుంది, అసలు మాటకు అదీ లేదు. 1905లో లండనులో హాన్స్ విల్స్‌డార్ఫ్ అనే ఆయన వ్యాపారం మొదలుపెట్టి, ఏ భాషవాళ్ళయినా తేలిగ్గా పలకడానికి వీలుగా ఆ పేరు కల్పించాడు. 1919లో జెనీవాకు మారి, 1926లో నీళ్ళు చొరని వాచీ తయారుచేసి లోకప్రసిద్ధుడయ్యాడు. పేరు మాత్రం నిజంగానే అన్నిచోట్లా పలుకుతున్నారు. 2022లో వచ్చిన 'విక్రమ్' సినిమా తరువాత మా వీధి పిల్లలకు రోలెక్సంటే సూర్య వేసిన ప్రతినాయకుడి పాత్ర. పేరు తెలిసినవాళ్ళు ఊరినిండా వున్నారు, వస్తువు తెలిసినవాళ్ళే లేరు.

ఇది మా ఊళ్ళకే ప్రత్యేకమని నేననుకోను. గాంధీగారి నడుముకు వేలాడే గడియారాన్ని దేశమంతా చూసింది. అది స్విట్జర్లాండులో తయారైన జెనిత్ అని ఎందరికి పట్టింది? 1947లో రైల్లో దాన్ని దొంగిలించినవాడు కొన్నాళ్ళకు తెచ్చి ఇచ్చేశాడు. వాడు తెచ్చి ఇచ్చింది జెనిత్‌ను కాదు, గాంధీగారి గడియారాన్ని. 2009లో న్యూయార్కులో ఆయన కళ్ళజోడూ, చెప్పులతో కలిపి వేలం వేసినప్పుడు పద్దెనిమిది లక్షల డాలర్లు పలికిందీ జెనిత్ కాదు.

మా బావ వాచీ గుట్టు ఒక టీ అంగడి దగ్గర బయటపడింది. గండికోట చూడటానికి బెంగుళూరు నుంచి కార్లలో పిల్లలు వస్తుంటారు కదా. అలా వచ్చిన ఒక కుర్రవాడు జమ్మలమడుగులో టీ తాగుతూ, పక్క బల్లమీద కూర్చున్న బావ చేతివైపు చూసి, గ్లాసు కింద పెట్టి లేచి వచ్చాడు. అంతవరకూ "జరగండి" అన్నవాడు "సార్, కొంచెం చూడవచ్చునా?" అన్నాడు. అంగడివాడు టైము అడుగుతున్నాడనుకున్నాడు. ఆ కుర్రవాడు వెళ్తూ ఒక అంకె చెప్పి వెళ్ళాడు. బావ ఇంటికి వచ్చి మా మేనల్లుడిని అడిగితే వాడు ఫోనులో చూసి అదే అంకె చెప్పాడు. వాడినదే అయినా నాలుగైదు లక్షలకు తక్కువ కాదు.

బావ నమ్మలేదు. సాయంత్రం వాచీలు బాగుచేసే ముసలాయన దగ్గరకు వెళ్ళాడు. నేనూ వెంట వున్నాను. ఆయన కంటికి అద్దం బిగించుకుని, వెనక మూత చుట్టూ వున్న సన్నటి గాళ్ళు వేలితో తడిమి చూసి, వాచీని గుడ్డలో పెట్టి వెనక్కి ఇచ్చేశాడు. "దీన్ని తెరిచే పనిముట్టు నా దగ్గర ల్యా. వున్నా తెరవను. నా జన్మకు దీన్ని చేత్తో పట్టుకోవడమే రెండోసారి" అన్నాడు. మొదటిసారి ఎప్పుడో చెప్పలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. మా మూడు ఊళ్ళలోనూ గుర్తుపట్టిన ఒకే ఒక్క మనిషి అని నేను మొదట చెప్పింది ఈయననే.

ఆ రాత్రి నుంచి మా అక్కకు నిద్ర లేదు. ఇంతకాలం స్నానాలగది మేకుకు వేలాడిన వాచీ బీరువాలోకి వెళ్ళింది. రెండురోజుల తరువాత బావ దాన్ని తీసి మళ్ళీ చేతికి పెట్టుకున్నాడు. "బీరువాలో పెడితేనే దొంగలకు అనుమానం వస్తాది. చేతికి వుంటే ఎవురు చూస్తారు?" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు.

ఇలా వుండగా 2023 మొదట్లో మా మేనకోడలికి పులివెందుల సంబంధం కుదిరింది. పిల్లవాడు ఉద్యోగస్థుడు, ఇంటికి చీనీతోట వుంది, మంచివాళ్ళు. కట్నం అడగలేదు. 1961లో కట్నం నిషేధం చట్టం వచ్చినప్పటి నుంచి కట్నం అన్న మాట తగ్గి, మర్యాద అన్న మాట పెరిగింది. "మీకు తోచిన మర్యాదలు చెయ్యండి. అల్లునికి ఒక మంచి వాచీ పెట్టండి, రాడో అయితే బాగుంటాది" అన్నారు.

ఆ రాత్రి జమ్మలమడుగు ఇంట్లో జరిగిన చర్చ శాసనసభలో జరగదు. ముహూర్తానికి ఇరవై రోజులే వుంది, రాడో కాక ఖర్చులకింకా రెండు లక్షలు తక్కువ. మా అక్క వాదన సూటిగా వుంది: "ఇంట్లో అంత వాచీ పెట్టుకుని ఇంకొకటి కొనేదేంది? అల్లునికి అదే పెడదాం." మేనల్లుడు బెంగుళూరులో అమ్ముదామన్నాడు. వాడే ఒకచోట ఫోను చేసి కనుక్కున్నాడు. వాళ్ళు మొట్టమొదట అడిగింది పెట్టె వుందా, కాగితాలున్నాయా, బిల్లెవరి పేరు మీద వుంది అని.

బావ చాలాసేపటికి నోరు విప్పాడు. "ధర చెప్పకుండా పెడితే, పాత స్టీలు వాచీ పెట్టినారని పెళ్ళికొడుకు మొహం మాడ్చుకుంటాడు. ధర చెప్పి పెడితే, ఇంకా ఎంత దాచిపెట్టినాడో అనుకుంటారు. అంతటితో ఆగరు. డ్రైవరుకు అంత వాచీ యాడిదంటారు. ఎవురిచ్చినారంటారు. సేటు ఇచ్చినాడంటే నమ్ముతారా?"

దానికి మేనల్లుడు బెంగుళూరు సంగతి ఎత్తాడు. 2016లో కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారి చేతికున్న వజ్రాల హుబ్లో వాచీ గురించి ప్రతిపక్షాలు గొడవ చేశాయి. మామూలు జనానికి ఆ పేరు తెలిసింది పత్రికలు ధర అచ్చువేసిన తరువాతనే. స్నేహితుడు బహుమతిగా ఇచ్చాడని ఆయన చెప్పి, చివరకు దాన్ని ప్రభుత్వ ఆస్తిగా స్పీకరుగారికి అప్పగించారు. బావ అంతా విని, "ముఖ్యమంత్రినే అన్ని ప్రశ్నలడిగినారు గదా. నన్ను అడగడానికి పత్రికలు గూడా అక్కరల్యా" అన్నాడు. అక్క కళ్ళొత్తుకుని లోపలికి వెళ్ళింది.

అమ్మడం వద్దు, కుదువబెడదామని నేను సలహా చెప్పాను. మరునాడు నేనూ బావా ప్రొద్దుటూరులో నాకు పరిచయమున్న బంగారం అంగడికి వెళ్ళాం. యజమాని మర్యాదస్థుడు. మజ్జిగ తెప్పించాడు. వాచీని అరచేతిలో బరువు చూసి, "ఇందులో బంగారమెంత సామీ?" అని అడిగాడు. లేదన్నాను. ధర చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు, నవ్వనూ లేదు. "మీరు చెప్పేది అబద్ధమని నేననను. కానీ రేపు మీరు విడిపించుకోకపోతే నేను ఎవురికి అమ్మాల? ప్రొద్దుటూరులో దీన్ని అడిగేవాడుండాడా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. 1972లో స్విట్జర్లాండులో ఆడెమార్ పిగే అనే కంపెనీ ఎనిమిది మూలల చట్రంతో ఒక స్టీలు వాచీ చేసి, బంగారు వాచీలను మించిన ధర పెట్టింది. మొదట అక్కడివాళ్ళే విస్తుపోయారట. స్టీలుకు బంగారాన్ని మించిన ధర వుంటుందని జెనీవా వాళ్ళకే నచ్చజెప్పవలసి వచ్చినప్పుడు, గీటురాయి చేతబట్టుకు పుట్టిన ప్రొద్దుటూరును తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ యజమాని మాట నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది. ఒక వస్తువు విలువ దాన్ని గుర్తుపట్టే రెండోవాడి దగ్గర వుంటుంది. ఆ రెండోవాడు బెంగుళూరులో వుండి, అవసరం ప్రొద్దుటూరులో వుంటే ఏం చెయ్యడం?

ఏం చేశామో చెబుతాను. మా అక్క తన చేతి గాజులు తీసి ఇచ్చింది. అదే అంగడిలో, అదే యజమాని, పది నిమిషాలలో తూకం వేసి డబ్బు లెక్కపెట్టాడు. అందులో లక్షకు పైగా పెట్టి రాడో కొన్నాం. పెట్టె, బిల్లు, హామీ కాగితం అన్నీ వున్నాయి. నాలుగైదు లక్షల వాచీ చేతికున్న మనిషి, భార్య గాజులు కుదువబెట్టి లక్ష రూపాయల వాచీ కొని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముద్దనూరు మీదుగా పులివెందులకు బస్సులో వెళ్ళాడు. పక్కన కూర్చున్న నాకు నవ్వు రాలేదు.

పెళ్ళి బాగా జరిగింది. వాచీ పెట్టె తెరవగానే పందిట్లో చిన్న కదలిక పుట్టింది. "రాడో!" అన్నారెవరో. పెళ్ళికొడుకు బాబాయి దాన్ని అందుకుని వెలుతురుకు పట్టి వూపాడు. లంగరు వూగింది. అది చేతులు మారుతూ ఆడవాళ్ళ వైపు పోయి, వాళ్ళందరూ కూడా లంగరును వూపి చూసిన తరువాతగానీ పెళ్ళికొడుకు చేతికి రాలేదు. వియ్యంకుడు ఎంతో ఆప్యాయంగా బావ భుజం మీద చెయ్యివేసి, ఆయన స్టీలు వాచీని చూసి, "బావా, మీరు గూడా ఒకటి తీసుకోవాల్సింది" అన్నాడు. ఆయన మనసు మంచిదే. మా మేనకోడలు తలంబ్రాల పళ్ళెం వెనకనుంచి తండ్రి వైపు చూసింది. ఆ పిల్లకు ధర తెలుసు. ఆ సంగతి అత్తవారింట్లో ఇంతవరకూ బయటపెట్టలేదు.

గాజులు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ మా అక్క చేతులకు మట్టిగాజులే. పొరుగువాళ్ళకు అది వెంటనే తెలిసిపోయింది. బంగారం లేకపోవడాన్ని కూడా గుర్తుపట్టగలరు మా వాళ్ళు.

పోయిన ఉగాదికి కూతురూ అల్లుడూ జమ్మలమడుగు వచ్చారు. నేనూ వెళ్ళాను. భోజనాలైన తరువాత అల్లుడు ఫోను చూసుకుంటూ, ఏదో బొమ్మ దగ్గర ఆగి, మామగారి చేతివైపు చూశాడు. మళ్ళీ బొమ్మ చూశాడు. "మామా, ఒకసారి ఇస్తారా?" అన్నాడు. బావ విప్పి ఇచ్చాడు. మా మేనకోడలు తమలపాకులు తుడవడం ఆపింది. అల్లుడు కిరీటం చూశాడు, భూతద్దం చూశాడు, సెకన్ల ముల్లు గంతులు వేయకుండా జారుతున్నదా అని చూశాడు. అది జారుతూనే వుంది. రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, నవ్వుతూ తిరిగి ఇచ్చేశాడు.

"అచ్చం అసలుదాని మాదిరే చేసినారు మామా! కువైట్లో డూప్లికేట్లు శానా మంచివి దొరుకుతాయంట గదా?"

"అవు నాయనా, శానా దొరుకుతాయి" అని బావ వాచీ చేతికి పెట్టుకున్నాడు. మా మేనకోడలు మళ్ళీ ఆకులు తుడవసాగింది.